పని నుంచి నిమిషాల దాకా: రోగి శారీరక శ్రమను వైద్యం నమోదు చేసిన తీరు

పరిచయం

ముప్పై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి వివరాలూ రాసుకోవడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తీసుకువెళ్లే ఒక ఫారం ఉంది. ఆరోగ్య సిబ్బంది దాన్ని సీబ్యాక్ ఫారం అంటారు. బీపీ, షుగర్, క్యాన్సర్ వంటి జబ్బుల కోసం ఎవరిని ముందుగా పరీక్షకు పిలవాలో తెలుసుకోవడానికి ఇది 2017 ప్రాంతంలో దేశమంతటా వాడుకలోకి వచ్చింది. వయసెంత, పొగాకు అలవాటు ఉందా, రోజూ మద్యం తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతారు. వీటి మధ్యలో మరొక ప్రశ్న ఉంటుంది: వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తున్నారా? చేస్తుంటే సున్నా వేస్తారు. చేయకపోతే ఒక మార్కు వేస్తారు.

జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం వంటి నెల్లూరు తీర గ్రామాల్లో ఈ ప్రశ్నకు జవాబు రాయడం చూసినంత తేలిక కాదు. తెల్లవారుజామున వల లాగి వచ్చిన మనిషిని "శారీరక శ్రమ చేస్తావా?" అని అడిగితే అతనికి అది ఎగతాళిలా వినిపించవచ్చు. రొయ్యల గుంట దగ్గర రాత్రంతా కుర్చీలో కాపలా కూర్చున్న మనిషి కూడా తనది కష్టమైన పనే అంటాడు. అతని మాట అబద్ధం కాదు.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఈ ఫారాన్ని ఒక ఆధారపత్రంగా చదవడం నేర్చుకోవాలి. మనిషి శరీరం ఎంత కదులుతోందన్న సంగతి వైద్యుడి కాగితం మీదికి ఎలా వచ్చింది? దాన్ని అడిగినవారు ఎవరు? ఆ జవాబును బట్టి ఏ నిర్ణయం తీసుకున్నారు? ఈ మూడు ప్రశ్నలను దృష్టిలో పెట్టుకొని ఈ భాగాన్ని చదవండి.

'వృత్తి' అనే గడి

శ్రమకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందన్న ఎరుక కొత్తది కాదు. సుశ్రుత సంహిత ప్రమేహ చికిత్సలో నడకనూ, బావి తవ్వడం వంటి బరువైన పనినీ మందులతో సమానంగా చెప్పింది. పేద రోగి నూరు యోజనాలు నడవాలని కూడా ఆ గ్రంథంలో ఉంది. అక్కడ శ్రమ అనేది వైద్యుడు రోగికి చెప్పే మాట. రోగి అంతకుముందు ఎంత శ్రమ చేస్తున్నాడో విచారించి రాసి ఉంచడం వేరే అలవాటు. ఈ రెండింటి మధ్య తేడాను గుర్తుంచుకోండి.

విచారించే అలవాటుకు ఐరోపాలో బెర్నార్డినో రమజ్జీని పేరు చెబుతారు. ఇటలీకి చెందిన ఈ వైద్యుడు 1700లో వృత్తి వ్యాధులపై ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని వైద్యులు అడిగే పాత ప్రశ్నలకు "నువ్వు ఏం పని చేస్తావు?" అన్న ప్రశ్నను చేర్చాలన్నాడు. ఈ రోజు మన ఆసుపత్రుల కేస్ షీట్లలో పేరు, వయసు తర్వాత కనిపించే 'వృత్తి' అనే గడి వెనుక ఉన్నది ఇదే ఆలోచన. ఆ గడిలో "కూలి", "వ్యవసాయం", "గృహిణి", "చేపల వేట" అని ఒక్కొక్క మాట రాస్తారు. ఆ ఒక్క మాట నుంచే వైద్యుడు రోగి శ్రమను ఊహించుకోవాలి. రమారమి రెండున్నర శతాబ్దాల పాటు వైద్యం దగ్గర ఉన్న కొలబద్ద ఇదే.

1877: కాలువ పని, కూలి గింజలు

నెల్లూరు తీరం వెంబడి సముద్రానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ మీకు తెలిసే ఉంటుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్విన చిన్న కాలువతో మొదలై, దశలవారీగా పెరిగి, చివరకు కాకినాడ నుంచి విల్లుపురం జిల్లా దాకా సుమారు 796 కిలోమీటర్ల జలమార్గంలో భాగమైంది. దానికి ఈ పేరు 1878లో వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877-78లో తవ్వారు. తవ్వినవారు కరవు కూలీలు.

1876-78 నాటి ఆ మహా కరవు తాకిన జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కరవు సహాయం పొందాలంటే పని చేయాలన్నది అప్పటి ప్రభుత్వ నియమం. పని చేయగలవారిని కాలువలు, రోడ్లు, చెరువు కట్టల దగ్గరికీ, చేయలేనివారిని సహాయ శిబిరాలకూ పంపేవారు. మనిషి ఒళ్లు చూసి, ఇతను పనికి పనికివస్తాడా రాడా అని తేల్చాల్సి వచ్చేది. శరీర శ్రమ ప్రభుత్వ లెక్కలోకి పెద్ద ఎత్తున ఎక్కిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

1877 జనవరిలో కరవు పరిస్థితి చూడడానికి వైస్రాయ్ లిట్టన్ తరఫున సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చాడు. ఖర్చు తగ్గించాలన్నది అతని ధ్యేయం. రోజంతా పనిచేసిన మగవాడికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, వాటితో పాటు ఒక అణా చాలునని నిర్ణయించాడు. ఆడవారికీ, పిల్లలకూ అంతకన్నా కొంత తక్కువ. చరిత్రలో దీనికి 'టెంపుల్ వేతనం' అని పేరు.

దీన్ని ఎదిరించినవాడు ఒక వైద్యుడు. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ అప్పటికే ఈ ప్రాంత ప్రజల ఆహారం మీదా, జైళ్లలో ఖైదీలకు పెట్టే తిండి మీదా 1863లో నివేదిక కూర్చినవాడు. పనిచేసే శరీరానికీ పడుకున్న శరీరానికీ ఒకే తూకం సరిపోదని అతని వాదన. కనీసం ఒకటిన్నర పౌను, అంటే సుమారు 680 గ్రాముల గింజలు ఉండాలనీ, వాటికి పప్పు, కూరలు చేర్చాలనీ, బరువు పని చేసేవారికి ఇది మరీ అవసరమనీ కోరాడు. లిట్టన్ టెంపుల్ పక్షాన నిలిచాడు. అయినా 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కార్నిష్ వైపు కొంత కదిలి, రోజు కూలిని సుమారు 570 గ్రాముల గింజలకూ, 43 గ్రాముల పప్పుకూ పెంచింది.

ఈ వాదాన్ని ధర్మాధర్మాల తగవుగా మాత్రమే చదివితే ఒక విషయం జారిపోతుంది. టెంపుల్ దగ్గర తవ్విన మట్టికి కొలత ఉంది. తవ్విన మనిషి ఒంట్లో ఏం ఖర్చయిందన్న దానికి లెక్క లేదు. కార్నిష్ అడిగినది ఆ రెండో లెక్క. శ్రమను నమోదు చేయడం, ఆ నమోదును రోగి లేదా కూలి మేలుకు వాడడం ఒకటి కావని ఇక్కడే స్పష్టమవుతుంది. కాలువ గట్టు మీద పని పట్టీలో అంకె ఉన్నంత మాత్రాన ఆకలి తీరలేదు.

ఎద్దుల నడక చూసిన రైతులు

తీరం నుంచి కాస్త పడమటికి వెళదాం. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. తర్వాత ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 1930లలో ఈ మెట్ట పల్లెల రైతులు తమ ఎద్దులు దుక్కిలో అడుగు వేయలేకపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం గమనించారని ఫ్లోరోసిస్ చరిత్ర రాసినవారు తరచుగా చెబుతారు. ఎద్దు తాగిన నీళ్లే మనిషీ తాగేవాడు. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానికంగా వ్యాపించిన ఫ్లోరోసిస్‌ను వివరిస్తూ పత్రం ప్రచురించారు. మన దేశంలో ఈ జబ్బుపై తొలి శాస్త్రీయ వివరణల్లో అదొకటి.

ఇది మన విషయానికి పక్క దారే అయినా ఒక కారణంతో చెప్పాను. వంగలేకపోవడం, నడవలేకపోవడం అన్న పరిశీలన ఆసుపత్రి కంటే ముందు పొలంలో జరిగింది. కదలికలో మార్పును ముందుగా కనిపెట్టేది దాంతో బతికేవారే. కేస్ షీట్‌లో 'వృత్తి: వ్యవసాయం' అని రాసిన డాక్టరుకు, ఆ మనిషి నిరుడు ఎన్ని సాళ్లు దున్నాడో, ఈ ఏడు ఎన్ని దున్నగలుగుతున్నాడో ఆ గడి చెప్పదు.

పట్టికలో జాలరి

1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన రాష్ట్రాల పోషకాహార చరిత్ర చాలావరకు ఈ సంస్థ చుట్టూ తిరుగుతుంది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఇక్కడినుంచే గ్రామాల్లో సర్వేలు నడిపింది.

ఎవరికి ఎంత ఆహారం కావాలో చెప్పాలంటే ఎవరు ఎంత శ్రమిస్తారో తెలియాలి. భారత వైద్య పరిశోధన మండలి దీనికి వృత్తులను మూడు తరగతులు చేసింది: కూర్చుని చేసే పని, మధ్యరకం పని, బరువు పని. కూర్చుని పనిచేసే మగవాడి అవసరాన్ని 1.0 అనుకుంటే, మధ్యరకం పనివాడికి 1.2, బరువు పనివాడికి 1.6. ఆడవారికి ఇవే తరగతుల్లో 0.8, 0.9, 1.2. మండలి 2010 సిఫారసుల్లో 60 కిలోల మగవాడికి ఈ మూడు తరగతుల్లో వరుసగా 2,320, 2,730, 3,490 కిలోకేలరీలు చూపారు. కూర్చునేవాడికీ బరువు పనివాడికీ మధ్య 1,170 కిలోకేలరీల తేడా ఉందన్నమాట. కార్నిష్ 1877లో గింజల తూకంతో వాదించిన మాటకు ఇక్కడ అంకె దొరికింది.

ఇక ఏ వృత్తి ఏ తరగతిలో ఉందో చూడండి. పాఠ్యపుస్తకాల్లో ఎన్నోసార్లు అచ్చయిన ఆ పట్టికలో జాలరి మధ్యరకం. రిక్షా తొక్కేవాడు, కంసాలి, నేతపనివాడు, వ్యవసాయ కూలీ, డ్రైవరు కూడా అదే వరుస. రాళ్లు కొట్టేవాడు, కమ్మరి, గని కార్మికుడు, రైల్వే గ్యాంగ్‌మన్ బరువు పని కింద ఉన్నారు. టీచరు, దర్జీ, పూజారి, భూస్వామి కూర్చుని చేసేవారు. పోస్ట్‌మన్ కూడా కూర్చుని చేసేవాడే! గృహిణిదీ అదే తరగతి.

ఈ పట్టికను తప్పులెన్నడానికి ఇక్కడ పెట్టలేదు. లక్షల మందిని సర్వే చేయాల్సినప్పుడు ఒక్కొక్కరి కదలికా కొలవడం కుదరదు, ఏదో ఒక ఉజ్జాయింపు కావాలి. కానీ రిక్షా తొక్కే మనిషినీ బంగారం పని చేసే మనిషినీ ఒకే వరుసలో నిలబెట్టిన కొలతతో ఒక రోగి గురించి తీర్పు చెప్పవచ్చా? కట్టెలు తెచ్చి, నీళ్లు మోసి, అంట్లు తోమి, చేపల తట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగే తీరగ్రామ స్త్రీ 'వృత్తి' గడిలో "గృహిణి" అని రాయించుకుంటే ఆమె కూర్చునే తరగతిలోకి వెళ్లిపోతుంది. సర్వేకు పనికివచ్చే తరగతిని ఒక మనిషికి తగిలించినప్పుడు ఎప్పుడూ వచ్చే చిక్కే ఇది.

అభ్యాసం: మీ ఇంట్లో, లేదా మీ వీధిలో ఇద్దరు పెద్దవారిని తీసుకోండి. పై పట్టిక ప్రకారం వారు ఏ తరగతిలో పడతారో రాయండి. తర్వాత నిన్న వారు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏ పని ఎంతసేపు చేశారో అడిగి పక్కన రాయండి. రెండు కాగితాలనూ పోల్చి చూడండి.

బస్సు మెట్లు, ప్యాంటు నడుము

పోస్ట్‌మన్ సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే వేరే దేశంలో ఇదే పోస్ట్‌మన్ చురుకైన మనిషికి ఉదాహరణ అయ్యాడు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు పెరుగుతుంటే జెరీ మోరిస్ అనే వైద్యుడు కారణం వెతికాడు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో ఇద్దరు పనిచేసేవారు. డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 దాకా మెట్లు ఎక్కేవాడు. ఒకే సంస్థ, దాదాపు ఒకే తరగతి మనుషులు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని మోరిస్ బృందం 1953లో ప్రచురించింది. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను టెలిఫోన్ ఆపరేటర్లతోనూ, గుమాస్తాలతోనూ పోల్చినా అదే ధోరణి కనిపించింది.

తర్వాత మరో సందేహం వచ్చింది. డ్రైవరు పనే అతన్ని లావు చేసిందా, లేక మొదటినుంచీ లావుగా ఉన్నవారే డ్రైవర్లయ్యారా? దీన్ని తేల్చడానికి 1956లో మోరిస్ సహచరులు సంస్థ దర్జీ లెక్కల్లోంచి యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీశారు. డ్రైవర్లు ఉద్యోగంలో చేరినప్పటినుంచే కాస్త పెద్ద నడుము కలవారని తేలింది. ఎవరో ఏదో పని కోసం రాసుకున్న కొలత వైద్యానికి ఆధారం కావడం ఇక్కడ చూడవచ్చు. చరిత్రకారుడికి ఇది ముచ్చటైన ఉదాహరణ.

మోరిస్ కాలంలో కూడా శ్రమ అంటే ఉద్యోగంలో శ్రమే. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ యంత్రాలు, కార్లు పెరిగాక ఉద్యోగాన్ని బట్టి కదలికను ఊహించడం కుదరలేదు. అప్పుడు ప్రశ్న మారింది: "ఏం పని చేస్తారు?" పోయి "ఎంతసేపు వ్యాయామం చేస్తారు?" వచ్చింది. 2008లో అమెరికా, 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాల మధ్యస్థ శ్రమను పెద్దలకు ప్రమాణంగా చెప్పాయి. ఆ అంకె మన ఫారంలోకి వచ్చిన దారి ఇది.

మామూలు వైద్యంలో ఈ ప్రశ్నను అలవాటు చేసిన ప్రయత్నాల్లో బాగా పేరుపడినది దక్షిణ కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వ్యవస్థది. డాక్టర్ రాబర్ట్ సాలిస్ పట్టుబట్టగా 2009 నుంచి అక్కడ రోగి ఏ జబ్బుతో వచ్చినా బీపీ, నాడి చూసే సమయంలోనే రెండు ప్రశ్నలు అడిగి కంప్యూటరులో నమోదు చేస్తున్నారు: వారంలో ఎన్ని రోజులు వ్యాయామం చేస్తారు? చేసిన రోజు ఎన్ని నిమిషాలు? కంప్యూటరు గుణించి వారం మొత్తం చూపిస్తుంది. 2012లో వచ్చిన అధ్యయనం ప్రకారం దాదాపు 18 లక్షల మంది అర్హులైన రోగుల్లో 86 శాతం మందికి ఈ నమోదు జరిగింది. వారిలో సుమారు 36 శాతం మంది వ్యాయామం చేయడం లేదన్నారు. అర నిమిషంలో అయిపోయే ప్రశ్న కావడం వల్లనే అది నిలిచింది. దీని పరిమితి కూడా అందులోనే ఉంది. ఇది వ్యాయామం గురించి అడుగుతుంది. పనిలో పడే శ్రమ ఇందులోకి సరిగా రాదు. కాలిఫోర్నియా నగరంలో ఇది పెద్ద లోపం కాకపోవచ్చు.

మన దేశంలో ఇది లోపమే. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో 14,227 మందిని ప్రశ్నించి 2014లో ఫలితాలు ప్రచురించింది. అందులో వాడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి పనిని, ప్రయాణాన్ని, విరామ సమయాన్ని విడివిడిగా అడుగుతుంది. 54.4 శాతం మంది తగినంత శ్రమ లేనివారుగా తేలారు. విరామ సమయంలో వ్యాయామమో ఆటో ఉన్నవారు పది శాతం కూడా లేరు. అంటే మనవాళ్లలో శ్రమ ఎక్కడైనా ఉంటే అది పనిలోనూ, నడకలోనూ ఉంది. తెలుగు నేల మీద హైదరాబాదు దగ్గర ఇబ్రహీంపట్నం పరిసరాల్లోని 29 గ్రామాల్లో 1987లో మొదలైన పిల్లల పోషకాహార అధ్యయనాన్ని తర్వాతి ఏళ్లలో కొనసాగించినవారు కూడా పని, ఇంటి చాకిరీ, ప్రయాణం అన్నీ అడిగే ప్రశ్నావళినే వాడారు. కొందరికి కదలికను పసిగట్టే చిన్న యంత్రం కట్టి ఆ జవాబులతో పోల్చి చూశారు. అది పరిశోధన కాబట్టి అంత తీరిక దొరికింది. ఆశా కార్యకర్తకు అంత సమయం ఉండదు.

మారిన తీరం

నెల్లూరు తీరంలో 'వృత్తి' గడి ఒకప్పుడు కొంత నిజం చెప్పేది. అలివి వల వేసిన రోజున ఒడ్డున రెండు వైపులా పదుల మంది మోకులు పట్టుకొని గంటల తరబడి ఇసుకలో వెనక్కి నడుస్తూ లాగాలి. తెప్ప మీద వెళ్లేవారికి తెడ్డే ఆధారం. అప్పుడు 'చేపల వేట' అంటే ఎలాంటి శ్రమో వైద్యుడు సుమారుగా ఊహించగలడు.

ఆ మాట అలాగే ఉంది, పని మారింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత సహాయంగా వచ్చిన ఫైబర్ బోట్లు, వాటి ఇంజన్లు తెడ్డును పక్కకు నెట్టాయి. అంతకుముందే, 1990ల మొదట్లో రొయ్యల సాగు జిల్లా తీరమంతా పాకింది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దానికి పెద్ద దెబ్బలు. అయినా అది ఏదో రూపంలో కొనసాగింది. గుంటల దగ్గర కాపలా, మేత చల్లడం, ఏరియేటర్లు చూసుకోవడం కొత్త ఉద్యోగాలయ్యాయి. రొయ్యల తలలు తీసే షెడ్లలో స్త్రీలు గంటల తరబడి ఒకేచోట నిలబడతారు. కాళ్లు లాగేస్తాయి, కానీ అది నడక కాదు. చేపల తట్టలు ఆటో ఎక్కాయి. వరి కోతకు యంత్రం వచ్చింది.

అందువల్ల ఈ రోజు ఒకే వీధిలో, ఒకే కులంలో, ఒకే ఇంట్లో కూడా 'వృత్తి' అనే మాట ఒకటే అయినా శరీరాలు పడే శ్రమ ఒకటి కాదు. తండ్రి వల లాగినవాడు, కొడుకు గుంట కాపలాదారు. ఇద్దరి చీటీల్లోనూ 'చేపలు, రొయ్యల పని' అనే ఉంటుంది. పాత కొలబద్ద ఇక్కడ విరిగింది. నిమిషాల ప్రశ్న మనకు అవసరమైనది ఇందుకే.

ఫారంలో ఒక మార్కు విలువ

ఇప్పుడు సీబ్యాక్ ఫారం దగ్గరికి మళ్లీ వద్దాం. మొత్తం మార్కులు నాలుగు దాటితే ఆ వ్యక్తిని పరీక్షల్లో ముందు వరుసలో ఉంచాలి. ముప్పై దాటిన అందరినీ పరీక్షించాల్సిందే, మార్కులు ముందూ వెనకా తేల్చడానికి మాత్రమే. 52 ఏళ్ల ఒక మగవాడిని ఊహించండి. వయసుకు 2, రోజూ బీడీ తాగుతాడు కాబట్టి పొగాకుకు 2. రోజూ తాగే మద్యం లేదు, నడుము 90 సెంటీమీటర్ల లోపు, ఇంట్లో ఎవరికీ జబ్బుల్లేవు. మొత్తం 4. ఇక మిగిలింది శ్రమ ప్రశ్న ఒక్కటే. దానికి సున్నా పడితే అతను ముందు వరుసలో లేడు. ఒకటి పడితే ఉన్నాడు. అతను గుంట దగ్గర కాపలాదారు అనుకోండి. ఆశా కార్యకర్త "కష్టం చేస్తావా మావా?" అని అడిగితే "కష్టం చేయకపోతే ఎట్టా గడుస్తాది?" అంటాడు. ఆమె సున్నా వేస్తుంది.

ఇక్కడ మన భాష కూడా అడ్డం పడుతుంది. ఫారంలోని 'శారీరక శ్రమ' పుస్తకాల మాట. దాన్ని నోటితో అడిగేటప్పుడు కష్టం, పని, చాకిరీ, వ్యాయామం, కసరత్తు అని రకరకాలుగా అనువాదం చేసుకోవాలి. మాటను బట్టి జవాబు మారుతుంది. 'కష్టం' అంటే మన మాటల్లో శ్రమే కాదు, బాధ కూడా. ఆ రెంటినీ విడదీసి చెప్పమనడం అతనికి వింతగా ఉంటుంది. 'వ్యాయామం' అంటే ఉద్యోగస్తులు పొద్దున చేసే నడక. షెడ్డుకు వెళ్లి, ఇంటికొచ్చి వంట చేసి, బోరింగు నీళ్లు మోసే స్త్రీని "నడుస్తావా అక్కా?" అంటే "నాకు యాడ తీరుద్ది?" అంటుంది. ఆమెకు ఒక మార్కు పడుతుంది. పరీక్షలో ముందు పిలిస్తే నష్టం లేదు. కానీ తర్వాత ఏఎన్‌ఎం ఆ గడి చూసి రోజూ అరగంట నడవమని చెబితే, ఆమె ఇంక ఆ ఆరోగ్య కేంద్రం మాట వినకపోవచ్చు.

ప్రశ్నను తీసేయమని ఎవరూ అనరు. 2024లో వెలువడిన అంతర్జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో తగినంత శ్రమ లేని పెద్దలు 2000లో సుమారు 22 శాతం ఉంటే, 2022 నాటికి దాదాపు సగానికి చేరారు. స్త్రీలలో ఇది ఇంకా ఎక్కువ. అడగకపోతే వైద్యానికి ఇది కనిపించదు. అయితే అడిగే పద్ధతికి ఈ తీరం చరిత్ర కొంత దారి చూపగలదు. పని, ప్రయాణం, ఇంటి చాకిరీ, తీరిక అని విడివిడిగా నిన్నటి రోజును చెప్పించుకుంటే, నిమిషాలు వాటంతట అవే తేలతాయి. ఒకేసారి పది నిమిషాలకు తగ్గకుండా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నిబంధనను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తొలగించింది. కాబట్టి ముక్కలు ముక్కలుగా సాగే ఇంటి పనిని కలుపుకోవడానికి ఇప్పుడు అడ్డు లేదు.

ఈ ఫారాలను ఆధారంగా చేసుకొని రేపు ఎవరైనా నెల్లూరు తీరం ఆరోగ్య చరిత్ర రాస్తే మరో జాగ్రత్త కూడా పాటించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో వేట పడవ మీద పనిచేసే మనిషి ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు, లేదా మేస్త్రీ వెంట కూలికి పోతాడు. జనవరిలో అదే మనిషిని అడిగితే జవాబు వేరు. ఫారం పైభాగంలో ఊరి పేరు, ఆశా కార్యకర్త పేరుతో పాటు తేదీ రాసే చోటు ఉంటుంది. శ్రమ గడిలోని సున్నానో ఒకటినో చదివే ముందు ఆ తేదీ చూడండి.